పంటచేలో పంది, తుపాకీలో గుండు

పూర్వం మెదక్ జిల్లాలో ఉండి 2016 నుండి సంగారెడ్డి జిల్లాకు చెందిన కల్హేర్ ప్రాంతం మంజీర పరీవాహకంలోనిది. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు, మొక్కజొన్న పొత్తు గింజ పట్టే వేళకు ఇటువంటి పల్లెలలో రైతుకు రాత్రి నిద్ర ఉండదు. అడవి పంది తినేది కొంత, తొక్కి పాడుచేసేది అంతకంటె ఎక్కువ. విసిగినవారు చేని చుట్టూ కరెంటు తీగ కడతారు. ఆ తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. తెలంగాణలో దానికి మనుషులు బలి అయిన సందర్భాలు అనేకం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని చంపటం నేరం. పంటలకు హాని చేసే పందులను అనుమతి పొందిన గురికాండ్ర చేత కాల్పించే అధికారాన్ని 2021లో తెలంగాణ ప్రభుత్వం సర్పంచులకు అప్పగించినది. అప్పుడు వచ్చే ప్రశ్న, ఏ గుండుతో కాల్చాలి అన్నది. దీనికి సమాధానం నూరేళ్ళకు పైబడిన చరిత్రలో ఉన్నది.

ముందుగా జంతువును చూడాలి. మన పూర్వులు ఏకలమని పిలిచిన ముదురు మగ పందికి భుజాల మీద, చర్మం కింద, నారవంటి గట్టి కణజాలపు కవచం ఉంటుంది. మగ పందులు ఒకదానినొకటి కోరలతో పొడుచుకునేటప్పుడు ఇది కాపాడుతుంది. గుండెకాయ ఈ కవచం వెనుక, ముంగాలికి దగ్గరగా, ఛాతీలో బాగా కిందికి ఉంటుంది. పిట్టలను కొట్టే సన్న రవ్వలు అక్కడికి చేరవు. పందిని గాయపరచి మాత్రం వదలుతాయి. గాయపడిన పంది ఎంత ప్రమాదమో పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

పంతొమ్మిదవ శతాబ్దం చివరి వరకు తుపాకీ మందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లని పొడి. దానితో గుండుకు వచ్చే వేగం పరిమితం. శక్తి పెంచాలంటే గుండును పెద్దది చేయవలసిందే. బ్రిటిషు సైన్యపు మార్టినీ-హెన్రీ రైఫిలు గుండు 31 గ్రాముల సీసం. వేగం సెకనుకు సుమారు 400 మీటర్లు. 1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియెయ్ నైట్రోసెల్యులోజుతో పొగరాని మందు తయారుచేసిన తరువాత వేగం ఎంతో పెరిగినది. అయితే ఆ వేగానికి మెత్తని సీసం గొట్టంలోని మరగాడులలో ఊడి అంటుకుపోసాగినది. స్విట్జర్లండు దేశస్థుడు ఎడ్వర్డ్ రూబిన్ 1882లోనే గుండుకు రాగి తొడుగు వేసి చూపి ఉండటం అప్పుడు పనికివచ్చినది.

ఈ మార్గంలో వచ్చినదే .303 రైఫిలు. దాని గుండు 14 గ్రాములు, వేగం సుమారు 600 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో విద్యార్థులు గుణించి చూడవచ్చు. పాత గుండుకు 2480 జౌళ్ళు, కొత్త గుండుకు 2520 జౌళ్ళు వస్తాయి. దాదాపు సమానమే! అయినా 1895లో చిత్రాల్ దండయాత్ర నుండి తిరిగివచ్చిన సైనికులు కొత్త గుండు మనిషిని ఆపటంలేదని ఫిర్యాదు చేశారు. సన్నని, గట్టి తొడుగు గల గుండు తన శక్తిలో చాలా భాగాన్ని తనతోనే ఉంచుకొని శరీరం అవతలికి పోతున్నది. గుండు ఎంత శక్తి తెచ్చినదన్నది ఒక ప్రశ్న, అందులో ఎంత విడిచినదన్నది వేరొక ప్రశ్న.

కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బర్టీ-క్లే గుండు కొన వద్ద తొడుగు తీసి సీసాన్ని బయటపెట్టాడు. అది తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఇటువంటి గుండ్లను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్ ప్రకటన నిషేధించినది. వేటకు ఆ నిషేధం వర్తించదు. వేటలో న్యాయం తలకిందులు కూడా. విచ్చుకునే గుండు జంతువును త్వరగా చంపుతుంది, అవతలి చేలో కాపలా ఉన్న మనిషి మీదికి పోయే అవకాశాన్ని తగ్గిస్తుంది. అయితే మరీ తేలికై, మరీ వేగంగా పోయేది పంది కవచం మీదనే పగిలిపోవచ్చు. బరువుగా ఉండి, మధ్యస్థ వేగంతో పోయి, కొన మెత్తగా ఉన్నదే తగినది.

సైన్యపు తూటాలు పౌరుల చేతికి పోరాదని బ్రిటిషు ప్రభుత్వం ఆంక్షలు పెట్టగా, ఆస్ట్రియా వారి 8 మి.మీ. మాన్లిఖర్ తూటాను ఆధారం చేసుకొని .315 బోరు వచ్చినది. స్వాతంత్ర్యం తరువాత మన ఆయుధ కర్మాగారాలు దానినే తయారుచేశాయి. పాతకాలపుదే అయినా దాని 16 గ్రాముల మెత్తని కొన గుండు దగ్గరి దూరంలో పందికి సరిపోతుంది. కాని గురి తప్పిన రైఫిలు గుండు మైలుకు పైగా పోగలదు. కాబట్టి నేలమట్టాన కాకుండా ఎత్తైన మంచె మీద నుండి కిందికి కాల్చటమే మేలు. తప్పిన గుండు మట్టిలో దిగుతుంది.

మరొక చిక్కు సీసమే. విచ్చుకునే గుండు నుండి రాలిన సీసపు తునకలు కళేబరంలో ఉండిపోయి, దానిని తిన్న రాబందులకు విషమవుతాయి. కాండర్ రాబందుల కోసమని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించినది. అక్కడ రాగి గుండ్లు వాడుతున్నారు. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9. అందుచేత అదే బరువుకు, అదే బోరుకు రాగి గుండు పొడుగవుతుంది. పొడుగాటి గుండు గాలిలో తిన్నగా పోవాలంటే మరింత త్వరగా తిరగాలి. గొట్టంలోని మరగాడులు అందుకు తగినంత దగ్గర మెలికతో ఉండాలి.