ఆదిలాబాదు డోక్రా ప్రతిమలు

ఉత్తర తెలంగాణమునందలి గోండు పల్లెలలో ఓజా కులస్థులు మైనపు నమూనాపై మన్ను పూసి, మైనమును కరగించి వెడలించి, ఆ ఖాళీలో ఇత్తడిని పోసి నిర్మించు లోహప్రతిమలకు ఆదిలాబాదు డోక్రా యని పేరు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో చేరియుండి, 2016 నాటి పునర్విభజనము పిమ్మట కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాకు చెందిన జైనూరు మండలపు ఉషేగాము, కెరమెరి మండలపు కేస్లాగూడ ఈ శిల్పమునకు ముఖ్యస్థానములు.

చరిత్ర: మైనపు పోత భారతదేశమున అతిప్రాచీనము. 1926లో మొహెంజొదారో త్రవ్వకములలో బయల్పడిన నర్తకి కంచుప్రతిమ ఈ పద్ధతిని పోసినదే. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున ఈ ప్రక్రియ వర్ణితమై యున్నది. శాస్త్రము నెఱిగిన స్థపతులు పోసిన విగ్రహములు దేవాలయములకు చేరుచుండగా, ఓజాలు తండ్రివద్ద కొడుకు నేర్చిన పనితనముతోనే గోండుల వేల్పులకు వలయు ప్రతిమలను, గంటలను, దీపములను, ఇంటింటికి వలయు కొలత పాత్రలను సమకూర్చుచు వచ్చిరి. గోండు సమాజమున వంశగాథలను గానము చేయుట పర్ధానులకు వృత్తియైనట్లే, లోహపు పని ఓజాలకు వృత్తి.

విధానము: ప్రతిమయొక్క లోపలి ఆకారమును మట్టితో చేసి యెండబెట్టి, తేనెమైనమును గుగ్గిలముతో కలిపి తీసిన సన్నని దారములను దానిపై వరుసగా చుట్టి, కన్నులను, నగలను, జూలును ఆ దారములతోనే దిద్దుదురు. పిదప మెత్తని మన్నును, దానిపై ముతక మన్నును పూసి, మైనము వెడలుటకు దారి విడిచి కాల్తురు. మైనము పోయిన చోట, సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కరగిన ఇత్తడిని పోసి, చల్లారిన వెనుక మట్టిని పగులగొట్టి, ప్రతిమను వెలికిదీసి మెఱుగు పెట్టుదురు. మైనపు దారముల చారలు లోహముపై చెక్కుచెదరక నిలుచుట డోక్రాకు ప్రధాన లక్షణము.

విక్రయము: ఐరోపాలో 18వ శతాబ్దిని న్యూరెంబర్గు నగరపు హిల్పెర్టు వంశీయులు తగరపు సైనికుల బొమ్మలను పలకరాతి అచ్చులలో పోసి యమ్మిరి, 1893లో లండనునందలి బ్రిటన్స్ సంస్థ లోపల డొల్లగానుండు సీసపు బొమ్మలను ప్రవేశపెట్టెను. ఒక అచ్చున పెక్కు బొమ్మలు వెలువడుటచే ఆ వర్తకము బాలుర ఆటవస్తువుగా మొదలై, క్రమముగా సేకర్తల వ్యసనముగా విస్తరిల్లెను. ఓజాల యచ్చు ఒక్క పోతతోనే నశించును గాన ఒక ప్రతిమకు వేఱొక ప్రతిమ సర్వవిధముల సమానము కానేరదు. సేకర్తకు మక్కువ గొల్పు నీ గుణమే పనివానికి శ్రమను, వ్యయమును పెంచుచున్నది. యంత్రములతో చేసిన పాత్రలు పల్లెల సంతలకు చేరి ఇంటి పనిముట్లకు గిరాకి తగ్గిన పిమ్మట, ఓజాలు నెమళ్లను, ఏనుగులను, గుఱ్ఱములను, అలంకార ప్రతిమలను విరివిగా పోయసాగిరి. హైదరాబాదునందలి శిల్పారామము, గోల్కొండ హస్తకళా విక్రయశాలలు, వివిధ నగరముల ప్రదర్శనలు వీనికి అంగళ్లైనవి.

ప్రస్తుత స్థితి: కరీంనగరపు వెండి తీగపనియు, నిర్మల బొమ్మలును అంతకుముందే భౌగోళిక గుర్తింపును పొందియుండగా, ఆదిలాబాదు డోక్రాకు అది 2018లో లభించినది. ఈ గుర్తింపు పరులు ఆ పేరును వాడుకొనకుండ కాపాడునేకాని, కొలిమికి వలయు ఇత్తడిని, మైనమును, వంటచెఱకును తెచ్చిపెట్టజాలదు. కొనువారు ప్రతిమను లోహపు తూకమునుబట్టి గాక, దానిపై వెచ్చించిన పనిదినములను బట్టి వెలకట్టిననే ఈ వృత్తి ఓజాల పిల్లలకు జీవనాధారముగా నిలువగలదు.