మరుపు రేఖ పుట్టుపూర్వోత్తరాలు

జ్ఞాపకం గురించి మనిషి ఆలోచించడం మొదలై వేల ఏళ్లయింది. మరుపును కొలవడం మొదలై మాత్రం ఒకటిన్నర శతాబ్దం కూడా నిండలేదు. 1885లో జర్మనీలో అచ్చయిన ఒక చిన్న పుస్తకం ఆ పనికి శ్రీకారం చుట్టింది. అందులోని అంకెల నుంచి పుట్టిందే మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ కనిపించే మరుపు రేఖ. నేర్చుకున్న కాసేపటికే అది నిటారుగా కిందికి దిగుతుంది, ఆపైన నెమ్మదిస్తుంది, చివరికి ఇంచుమించు బల్లపరుపుగా సాగుతుంది. చదివినదంతా ఎంత తొందరగా చేజారిపోతుందో చూడండి అంటూ పిల్లలనూ తల్లిదండ్రులనూ భయపెట్టడానికి ఈ గీతను వాడుకునేవాళ్లున్నారు. ఆ గీత ఎలా పుట్టిందో, తర్వాతి పరిశోధకులు దాన్ని ఎలా ప్రశ్నించారో మొదటినుంచీ చదివితే తేలే విషయం వేరు. మరుపు జ్ఞాపకానికి పట్టిన చీడ కాదు, జ్ఞాపకం చేసే పనుల్లో అదీ ఒకటి.

ఆ పుస్తకం రాసినవాడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. 1850లో బార్మెన్ పట్టణంలో పుట్టి, బాన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి 1873లో డాక్టరేట్ అందుకున్నాడు. వెలుగు, బరువు, చప్పుడు వంటివాటిని ఇంద్రియాలు ఎలా గ్రహిస్తాయో లెక్కల్లో చెప్పవచ్చని అంతకుముందే గుస్తావ్ ఫెక్నర్ 1860లో వెలువరించిన గ్రంథంలో చూపించాడు. ఇంద్రియజ్ఞానానికి సాధ్యమైనది జ్ఞాపకానికి ఎందుకు సాధ్యం కాదన్నది ఎబ్బింగ్‌హౌస్ ప్రశ్న. పద్యమో కథో కంఠస్థం చేస్తే పాత పరిచయాలు, అర్థాలు, ఇష్టాయిష్టాలు లెక్కను పాడుచేస్తాయి. అందుకని రెండు హల్లుల మధ్య ఒక అచ్చు పెట్టి, అర్థంలేని మాటముక్కలు సుమారు 2,300 తయారుచేసుకున్నాడు. వాటిని వరుసలుగా కూర్చి, నిమిషానికి 150 చొప్పున ఒకే వేగంతో చదువుతూ, తప్పులేకుండా అప్పజెప్పగలిగేదాకా వల్లెవేశాడు. 1879-80లోనూ, మళ్లీ 1883-84లోనూ సాగిన ఈ ప్రయోగాలన్నిటికీ పరిశోధకుడూ ఆయనే, పరీక్షకు కూర్చున్నవాడూ ఆయనే.

ఆయన కొలిచిన తీరులోనే అసలు సంగతి ఉంది. ఎన్ని మాటముక్కలు గుర్తున్నాయని ఆయన లెక్కపెట్టలేదు. అదే వరుసను మళ్లీ నేర్చుకోవడానికి ఎంత సమయం కలిసివచ్చిందో లెక్కగట్టాడు. మొదటిసారి 100 సెకన్లు పట్టిన వరుసకు రెండోసారి 66 సెకన్లే పడితే పొదుపు 34 శాతం. ఆ లెక్కన 20 నిమిషాల తర్వాత 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, నెల రోజులకు 21 శాతం పొదుపు మిగిలింది. మొదటి గంటలో పోయినంత ఆ తర్వాత నెల మొత్తంలో పోలేదు. బెదిరింపుగా వాడుకునేది ఈ మొదటి భాగాన్నే. చివరి అంకె అంతకన్నా ముఖ్యమైనది. నెల గడిచాక సైతం అదే వరుసను మళ్లీ నేర్చుకోబోతే ఐదోవంతు శ్రమ తగ్గింది. పూర్తిగా మరిచిపోయామనుకున్నది కూడా లోపల ఎక్కడో తన జాడ మిగుల్చుకునే ఉందన్నమాట. మరుపు అంటే చెరిగిపోవడమేనన్న నమ్మకాన్ని ఆ మొదటి పుస్తకమే దెబ్బతీసింది.

ఒక్క మనిషి తనమీద తాను చేసుకున్న ప్రయోగాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి సమాధానం 2015లో వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు మూరే, డ్రోస్ అదే పద్ధతిని పాటించి ఆ ప్రయోగాన్ని తిరిగి చేసి చూస్తే రేఖ ఆకారం చాలావరకు అలాగే వచ్చింది. కాబట్టి గీత నిజం. ఆ గీతను దింపుతున్నది ఏమిటన్నదే తేలవలసిన ప్రశ్న.

కాలమే కారణమన్నది అందరికీ తట్టే జవాబు. వాడని జ్ఞాపకం రోజులు గడిచేకొద్దీ దానంతటదే క్షీణిస్తుందని చాలామంది శాస్త్రజ్ఞులూ నమ్మారు. దీనికి ఎదురు సాక్ష్యం 1900లోనే మొదలైంది. ఒక పాఠం ముగిసిన వెంటనే మరొక మానసిక శ్రమ పెడితే మొదటి పాఠం దెబ్బతింటుందని జర్మనీకే చెందిన మ్యూలర్, పిల్జెకర్ చూపించారు. కొత్త జ్ఞాపకం గట్టిపడడానికి కొంత వ్యవధి కావాలన్న ఊహ అక్కడ పుట్టింది. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులకు అర్థంలేని మాటముక్కలు నేర్పించి, కొన్నిసార్లు నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు మేలుకొని పనులు చేసుకోనిచ్చారు. గడిచిన గంటలు రెండు చోట్లా సమానమే అయినా, నిద్రపోయినప్పుడు గుర్తున్నవి చాలా ఎక్కువ. కాలమే దోషి అయితే ఈ తేడా రాకూడదు. 1932లో జాన్ మెక్‌గియోక్ ఈ వాదాన్ని సూటిగా చెప్పాడు: ఇనుము కాలం గడిచేకొద్దీ తుప్పు పడుతుంది, కానీ తుప్పుకు కారణం కాలం కాదు, ఆ కాలంలో జరిగే రసాయన చర్య. మరుపుకూ అంతే, మధ్యలో ఏం జరిగిందో వెతకాలి.

ఆ వెతుకులాటలో పెద్ద మలుపు 1957లో బెంటన్ అండర్‌వుడ్ వ్యాసం. వేర్వేరు ప్రయోగశాలల ఫలితాలను ఆయన ఒకచోట చేర్చి చూశాడు. అంతకుముందు ఇలాంటి జాబితాలేవీ నేర్చుకోనివాళ్లు ఒక రోజులో మరిచిపోయింది సుమారు 25 శాతమే. ఇరవై జాబితాలకు పైగా నేర్చుకున్నవాళ్లు 80 శాతం దాకా మరిచిపోయారు. ఒకే పోలికగల పాత పాఠాలు కొత్త పాఠానికి అడ్డుతగులుతున్నాయి. ఎబ్బింగ్‌హౌస్ అప్పటికే ఎన్నో వందల వరుసలు తలకెక్కించుకున్న మనిషి. ఆయన రేఖ అంత నిటారుగా దిగడంలో ఆ పాత వరుసల వాటా ఎంతో ఉంది. అర్థమూ సంబంధమూ లేని సమాచారాన్ని కుప్పగా నింపుకున్నవాడికి ఏం జరుగుతుందో ఆ రేఖ చూపిస్తుంది. ఇష్టంగా, అర్థం చేసుకుంటూ నేర్చిన విద్యకు అదే కొలబద్ద కాదు. హ్యారీ బాహ్రిక్ 1984లో ప్రచురించిన అధ్యయనం దీన్ని బలపరుస్తుంది. బడిలో, కాలేజీలో స్పానిష్ నేర్చుకున్న 700 మందికి పైగా మనుషులను ఆయన 50 ఏళ్ల వ్యవధి దాకా పరీక్షించాడు. మొదటి మూడు నుంచి ఆరేళ్లలో తరుగుదల ఉంది. ఆ తర్వాత మిగిలినదానిలో చాలా భాగం ముప్పై ఏళ్ల దాకా చెక్కుచెదరలేదు.

ఇంకొక దారిలో కెనడాలో ఎండెల్ టుల్వింగ్ వచ్చాడు. 1966లో పెర్ల్‌స్టోన్‌తో కలిసి చేసిన ప్రయోగంలో, గుర్తురాని మాటలు వాటి వర్గం పేరు చెప్పగానే వరసగా గుర్తొచ్చాయి. లోపల ఉండడం వేరు, అవసరానికి అందడం వేరు అని అది తేల్చింది. మన రోజువారీ మరుపుల్లో చాలావరకు ఈ అందకపోవడమే. మరి అందకుండా చేయడంలో ఉపయోగమేమిటి? 1991లో జాన్ ఆండర్సన్, లేల్ స్కూలర్ దీనికి చక్కని ఆధారం చూపించారు. దినపత్రిక శీర్షికల్లోనూ, పిల్లలతో పెద్దలు మాట్లాడే మాటల్లోనూ, ఈమెయిళ్లు పంపినవారి పేర్లలోనూ ఒక పదమో పేరో కనబడ్డాక అది మళ్లీ ఎన్నాళ్లకు కనబడుతుందో లెక్కించారు. నిన్న వచ్చిన పదం ఇవాళ వచ్చే అవకాశం ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ అది మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. అంటే మరుపు రేఖ ఆకారమే. మళ్లీ అవసరపడే అవకాశాన్ని బట్టి మన మనసు దేన్ని చేతికందేలా ఉంచాలో, దేన్ని వెనక్కి జరపాలో నిర్ణయిస్తోందన్న వాదానికి ఇది గట్టి దన్ను. మరుపు లేని మనిషి ఎలా ఉంటాడో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా దశాబ్దాలపాటు గమనించిన షెరెషెవ్‌స్కీ కథ చెబుతుంది. అంతులేని జాబితాలు అప్పజెప్పగలిగిన ఆయనకు, వివరాల రద్దీలో చదివినదాని సారాంశం పట్టుకోవడం, ముఖాలు గుర్తుపట్టడం కష్టమయ్యేవి. విషయం అర్థం కావాలంటే కొన్ని వివరాలు తప్పుకోవాలి.

ఇక్కడ ఇద్దరు అడ్డుపడవచ్చు. మతిమరుపు వ్యాధితో పెద్దవాళ్లు కన్నబిడ్డలనే గుర్తుపట్టలేకపోతుంటే మరుపు మేలు అనడమేమిటని ఒకరు అడుగుతారు. ఆల్జీమర్స్ వంటి జబ్బుల్లో మెదడు కణాలే నశిస్తాయి. అది ఆరోగ్యవంతమైన మనసు చేసే ఏరివేత కాదు. ఒకటి మందులూ సంరక్షణా కోరే వ్యాధి, మరొకటి సహజమైన పని. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే మామూలు మరుపుకు భయపడేవాళ్లు, నిజమైన జబ్బును వయసు లక్షణమని నిర్లక్ష్యం చేసేవాళ్లు తయారవుతున్నారు. రెండో అభ్యంతరం మన గడ్డమీదిదే. మరుపు సహజమైతే అవధానుల ధారణ సంగతేమిటి? అవధానాన్ని జాగ్రత్తగా చూస్తే అది ఈ పరిశోధనలకు ఎదురు నిలవదు, తోడే నిలుస్తుంది. అప్రస్తుత ప్రసంగి ప్రశ్నలూ, ఘంటానాదమూ అడ్డుతగలడానికే పెట్టినవి. మధ్యలో దూరే పనులు ధారణను చెదరగొడతాయని ఆ ప్రక్రియను రూపొందించినవారికి బాగా తెలుసు. పద్యాన్ని ఒక్కసారిగా చెప్పకుండా ఆవృత్తానికో పాదం చెబుతూ, ఒక్కో పృచ్ఛకుడి దగ్గరకు ఎడం తర్వాత తిరిగి వచ్చినప్పుడల్లా వెనకటి పాదాన్ని అవధాని మనసులో పైకి తెచ్చుకోవలసి ఉంటుంది. యతి, ప్రాస, గణాలు ఆ పాదాన్ని లాగే ఆనవాళ్లు. అవధాని మరుపును జయించేది అది ఎలా పనిచేస్తుందో సాధనతో ఎరిగి నడుచుకోవడం వల్ల.

ఎడం విలువ ఎబ్బింగ్‌హౌస్ పుస్తకంలోనే ఉంది. ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే దక్కిన ఫలితం, మూడు రోజులకు పంచితే 38 సార్లకే దక్కింది. గుర్తుతెచ్చుకోవడం విలువ ఆ తర్వాత తేలింది. 1939లో అయోవా రాష్ట్రంలో 3,605 మంది ఆరో తరగతి పిల్లల మీద స్పిట్జర్ చేసిన అధ్యయనంలో, చదివిన వెంటనే చిన్న పరీక్ష రాసినవాళ్లకు తర్వాత ఎక్కువ గుర్తుంది. 2006లో రోడిగర్, కార్పికే పరిశోధనలో, పాఠాన్ని రెండోసారి చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత మాత్రం వాళ్లకు 42 శాతమే గుర్తుంది. పుస్తకం మూసి తమంతట తాము గుర్తుతెచ్చుకున్నవాళ్లకు 56 శాతం గుర్తుంది. కాస్త మరిచాక శ్రమపడి పైకి తెచ్చుకున్నదే గట్టిపడుతుంది. ఇది మళ్లీ కావలసిందే అని మనసుకు మనం చెప్పగలిగే మార్గం అదే. పరీక్ష కోసం చదివినది తర్వాత ఎందుకు పోతుందని అడిగేవాళ్లకు జవాబూ ఇదే. మన ఉద్దేశాలు మనసుకు తెలియవు, మన వాడకమే తెలుస్తుంది.

ఇంత తెలిసి కూడా మన బడుల్లో, కోచింగ్ కేంద్రాల్లో రాత్రి పొద్దుపోయేదాకా ఒకే పాఠాన్ని వరసగా వల్లెవేయిస్తున్నాం, నిద్రను దొంగిలిస్తున్నాం, మరిచిన పిల్లవాణ్ణి మందబుద్ధి అంటున్నాం. ఈ మూడూ సాక్ష్యానికి విరుద్ధమే. ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ మనవి ఒక్కటే. పాఠాలను రోజుల మీద పరచండి, మార్కులతో నిమిత్తం లేని చిన్న ప్రశ్నలు తరచుగా అడగండి, పిల్లలను కంటినిండా నిద్రపోనివ్వండి, మరుపును నేరంగా చూడడం మానండి.