కాలితో పోసే ఊపిరి

వాయులింగం వెలసిన ఊరు మా శ్రీకాళహస్తి. గాలి చొరని గర్భగుడిలో దీపం రెపరెపలాడడం చూస్తూ పెరిగినవాళ్లకి గాలితో పలికే వాయిద్యమంటే మక్కువ ఉండడం సహజమే. ఈ చుట్టుపక్కల పౌరాణిక నాటకం పడితే స్టేజీ పక్కన లెగ్ హార్మోనియం ఉండేది. హార్మోనిస్టు పాదాలు మార్చి మార్చి తొక్కుతుంటే తిత్తులు నిండేవి. చేతులు రెండూ మెట్ల మీదే. నటుడు పద్యం చివర రాగం తీస్తే కాలు నెమ్మదించేది, ‘వన్స్‌మోర్’ పడితే మళ్లీ జోరందుకునేది.

ఆ పెట్టె పుట్టిల్లు పారిస్. 1810లో గ్రెనియే అనే ఆయన భావాన్ని పలికించే ఆర్గన్ చేశాడు. 1840ల్లో దెబేన్ దాన్ని మెరుగుపరిచి హార్మోనియం అని పేరు పెట్టాడు. ఆ ఫ్రెంచి పెట్టెల్లో ఒక మీట లాగితే కాలి ఒత్తిడి నేరుగా రీడ్లకి, అంటే గాలికి కంపించి పలికే రేకులకి, చేరేది. ఆ మీట పేరు ఎక్స్‌ప్రెషన్. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేతిపెట్టెగా కుదించాడు. గమకం పలకదన్న అభ్యంతరాలతో 1940 నుంచి 1971 దాకా రేడియో దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. నాటకం మాత్రం వదల్లేదు. చివరికి దాన్ని స్టేజీ దింపింది ఎలక్ట్రానిక్ కీబోర్డే.

మూలపడ్డ ఆ పెట్టెని అదే ఎలక్ట్రానిక్స్‌తో మళ్లీ పలికించొచ్చా? చర్చి ఆర్గన్లతో అలాంటి పని ఇప్పటికే జరుగుతోంది. వాటికి పాదాల దగ్గర 30 లేదా 32 కర్రమెట్లుంటాయి. పాతబడ్డ ఆ మెట్లని ఇప్పుడు మిడీకి, అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు మాట్లాడుకునే భాషకి, మారుస్తున్నారు. ఒక్కో మెట్టుకి చిన్న అయస్కాంతం, ఎదురుగా గాజుగొట్టంలో రీడ్ స్విచ్. పేరు కలిసింది గానీ ఈ రీడ్ పలకదు. మెట్టు దిగితే లోపలి ఇనుపరేకులు రెండూ అంటుకుంటాయి, అంతే. 8 అడ్డవరసలు, 4 నిలువు వరసలుగా అల్లితే 32 మెట్లకి 12 తీగలు చాలు. రెండుమూడు మెట్లు కలిపి తొక్కినప్పుడు లేని స్వరం దూరకుండా స్విచ్‌కో డయోడ్ వేస్తారు. ఆపైన చిన్న చిప్పు మూడు అంకెలు పంపుతుంది: స్వరం మొదలైందని, అది ఏ స్వరమో, ఎంత బలంగా నొక్కారో (ఈ స్విచ్‌కి బలం తెలియదు గనక ఈ మూడోది మారని అంకె). 1983లో వాయిద్యాల కంపెనీలు కలిసి ఒప్పుకున్న మిడీ భాష ఇదే. తీగలో శబ్దం ప్రయాణించదు, వాయించినవాడు చేసిన పని ప్రయాణిస్తుంది.

మన లెగ్ హార్మోనియానికి కూడా ఇలాగే స్విచ్‌లు బిగించి ఊరుకుంటే సగం పనే అవుతుంది. చర్చి ఆర్గన్‌లో కాలు స్వరం వాయిస్తుంది. మన పెట్టెలో కాలు ఊపిరి పోస్తుంది. ఊపిరిని ఉందీ లేదూ అని రెండు ముక్కల్లో చెప్పలేం. గాలిపెట్టెలోంచి సన్నగొట్టం తీసి ఒత్తిడి కొలిచే సెన్సరుకి కలపాలి. ఆ కొలతని 0 నుంచి 127 దాకా అంకెలుగా మార్చి పంపడానికి మిడీలో 11వ నంబరు కంట్రోలు ఉంది. దాని పేరు కూడా ఎక్స్‌ప్రెషనే.

అందుకే మూలపడ్డ పెట్టెని విప్పేవాళ్లు తొక్కుళ్లు పీకేయకండి. ముందు చిరిగిన తిత్తి అతికించండి. రీడ్లు చిలుముపట్టి మూగబోయినా ఫరవాలేదు. అయితే వాటి దారులన్నీ మూసేస్తే గాలి బయటికి పోలేక కాలికింద తొక్కుడు బిగుసుకుపోతుంది. గాలిపెట్టెకి ఓ సన్నని బెజ్జం వదలండి.