జాబితాకెక్కిన పల్లె

ఊరి పెద్దల్ని ఎన్నుకోవడం మనకు నిన్నమొన్నటి ముచ్చట కాదు. తమిళనాట ఉత్తరమేరూరు గుడి గోడల మీద చోళ పరాంతకుడి కాలపు శాసనాలు (క్రీ.శ. 919, 921) ఆ తతంగాన్ని పూసగుచ్చినట్టు చెబుతాయి. ఊరిని 30 వార్డులు చేసి, అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, పసివాడి చేత తీయించేవారు. అయితే ఆ అర్హత ఎవరికి? పన్ను కట్టే భూమి, సొంత ఇల్లు, వేదాల చదువు, 35 నుంచి 70 లోపు వయసు ఉన్న మగవాళ్లకే. ఎన్నిక ఎంత పకడ్బందీగా జరిగినా, కుండలో ఎవరి పేరు పడాలన్నది ముందే తేలిపోయేది. స్థానిక ఎన్నికల కథంతా ఆ పేర్ల కథే.

బ్రిటిష్ ఏలుబడిలో 1882లో వైస్రాయి రిపన్ స్థానిక పాలన తీర్మానం, దాని వెంట 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. కోస్తా, సీమ జిల్లాల్లో బోర్డులు వెలిశాయి. కానీ ఓటుకు పన్ను రసీదు ముడిపడి ఉండటంతో పాలేరుకూ కూలివాడికీ అందులో చోటు దొరకలేదు. నిజాం ఏలుబడిలోని పల్లెల్లోనైతే పటేలు, పట్వారీలదే చెల్లుబాటు.

ఆ కట్టు తెగింది రాజ్యాంగంతోనే. ఆస్తి, చదువు, ఆడ, మగ తేడా లేకుండా వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు దక్కింది. బల్వంతరాయ్ మెహతా కమిటీ చెప్పిన మూడంచెల పంచాయతీ ఏర్పాటును ఆంధ్రప్రదేశ్‌లో 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ ప్రారంభించారు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం పంచాయతీ సమితుల్ని తీసేసి మండల ప్రజా పరిషత్తుల్ని తెచ్చింది. మరుసటి ఏడాది మండలాధ్యక్షుల్నీ జిల్లా పరిషత్ అధ్యక్షుల్నీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది.

అయినా ఎన్నికలు పెట్టడం, పెట్టకపోవడం సర్కారు దయమీదే ఉండేది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన రాజ్యాంగ 73వ సవరణ అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి చేసింది. రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని నిలబెట్టింది. మహిళలకు మూడోవంతు సీట్లు కేటాయించింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని సగానికి పెంచింది. భార్య సర్పంచి, పెత్తనం భర్తది అనే ఎత్తిపొడుపు ఇంకా పోలేదు గానీ, పంచాయతీ ఆఫీసులో ఆడమనిషి కుర్చీ ఇప్పుడు వింత కాదు.

చట్టం ఉన్నంత మాత్రాన అంతా సజావుగా సాగలేదు. తెలంగాణలో 2024 మొదట్లో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసింది. ఎన్నికలు జరిగేసరికి 2025 డిసెంబరు వచ్చింది. అందాకా పల్లెలు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 పంచాయతీ ఎన్నికలు 2019 నాటి ఓటర్ల జాబితాతోనే జరిగాయి. ఆ రెండేళ్లలో పద్దెనిమిది నిండిన పిల్లలు బూతు గడప తొక్కలేకపోయారు. ఒకప్పుడు భూమి లేదని ఆపారు, ఇప్పుడు కాగితం పాతదని ఆపారు.

తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీకి ప్రత్యేకంగా ఓటరు నమోదు ఉండదు. శాసనసభ జాబితానే వార్డులవారీగా విడదీసి పంచాయతీ ఆఫీసు గోడకు అతికిస్తారు. అసలు జాబితాలో పేరు లేకపోతే వార్డు జాబితాలోనూ ఉండదు. అందుకే పేరు చేర్చమని కోరే ఫారం 6 ఇవ్వాల్సింది ఎన్నికల వేడి పుట్టకముందే. ముసాయిదా జాబితా అంటించిన రోజుల్లో ఇంటి నంబరు సరిగా ఉందా, ఒకే ఇంటివాళ్లు రెండు వార్డుల్లో పడ్డారా, పోయినవాళ్ల పేర్లు మిగిలాయా అని చూసుకుని అభ్యంతరం రాసివ్వాలి. తెలంగాణలో సర్పంచికి గులాబీ కాగితం, వార్డు సభ్యుడికి తెల్లది ఇస్తారు. వాటి మీద అభ్యర్థుల పేర్లుండవు, ఉంగరం, కత్తెర లాంటి గుర్తులే ఉంటాయి. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు. ఒక్క ఓటుతో సర్పంచి పదవి చేతులు మారిన ఊళ్లూ ఉన్నాయి.

వెయ్యేళ్లలో అర్హత గీత భూస్వామి నుంచి కూలివాడి దాకా జరిగింది. ఇక ఆ గీత లోపల మన పేరు ఉందో లేదో చూసుకోవడం మన పని. పోలింగు నాడు బూతు ముందు ఎంత తగువుపడినా లేని పేరు పుట్టుకురాదు.