ఆదివారం సూది, సోమవారం మాత్ర

బాగ్‌లింగంపల్లిలో మా వీధి చివర ఆదివారం పొద్దున్న ఇడ్లీ బండి చుట్టూ ఒకటే జనం. నేను మాత్రం గదిలోనే ఉంటాను. ఆదివారం నాకు మెథోట్రెక్సేట్ సూది, మర్నాడు ఫోలిక్ యాసిడ్ మాత్ర. నాది క్రోన్స్ జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి పేగు మీదే తిరగబడుతుంది. ఆ సంగతి తేలేలోపు ఆరు నెలలు టీబీ మందులు మింగాను. పేగు టీబీనీ, క్రోన్స్‌నీ విడదీసి చెప్పడం డాక్టర్లకి నిజంగానే కష్టం. ఆ రోజుల్లో చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడవాలన్నా దారిలో బాత్రూం ఎక్కడుందో ముందు లెక్క చూసుకునేవాణ్ణి.

ఆ సూదికీ ఈ మాత్రకీ మూలం ఒకే ప్రయోగశాల అని చాలా ఆలస్యంగా తెలిసింది. అక్కడ పరిశోధన నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే పేగు జబ్బుతో అన్న, తమ్ముడు రోజుల తేడాలో పోయారు. తర్వాత అదే జబ్బు తనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. స్ప్రూ వేరు, క్రోన్స్ వేరు. కానీ తిన్నది ఒంటికి పట్టకుండా మనిషి కరిగిపోవడం ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు.

1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పేరు నిలిచే పని చేశాడు గానీ అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పైస్ అనే అమెరికన్ డాక్టరు క్యూబా వైద్యులతో కలిసి దాన్ని స్ప్రూ రోగులకి ఇచ్చి చూశాడు, వాళ్ళు కోలుకున్నారు.

తర్వాత కథ తిరగబడింది. ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డంపడే మందులు కావాలని బోస్టన్ నుంచి సిడ్నీ ఫార్బర్ అడిగాడు. లెడర్లీ పంపిన అమినోప్టెరిన్‌తో లుకేమియా ఉన్న 16 మంది పిల్లల్లో 10 మంది కొంతకాలం తేరుకున్నారని 1948లో ప్రకటించాడు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు, 53 ఏళ్ళకి.

ఆ మందు క్రోన్స్ దాకా రావడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. 1995లో బ్రయాన్ ఫీగన్ నాయకత్వాన కెనడా, అమెరికా డాక్టర్లు కలిసి 141 మంది మీద పరీక్షించారు. వారానికి 25 మిల్లీగ్రాముల సూది. 16 వారాలకి మందు పడ్డవాళ్ళలో 39 శాతం మంది కుదుటపడ్డారు, ఉత్తుత్తి సూది పడ్డవాళ్ళలో 19 శాతం.

ఇప్పుడు పరిశోధన మన ఊరికే వచ్చింది. ఆసియా పసిఫిక్‌లో 13 చోట్ల ఒకే పద్ధతిలో కొత్త రోగుల్ని లెక్కపెట్టి 2019లో ఒక వ్యాసం వేశారు. రచయితల్లో హైదరాబాద్ డాక్టరు రూపా బెనర్జీ ఒకరు. అందులో ఆసియా మొత్తానికి ఎక్కువ అంకె ఇండియాది: క్రోన్స్ ఒక్కటే కాదు, ఆ తరహా పేగువాపు జబ్బులన్నీ కలిపి ఏడాదికి లక్షమందికి 9.31. జనసాంద్రత పెరిగినకొద్దీ జబ్బూ పెరుగుతోందని కూడా తేలింది. ఇదే కారణమని చెప్పలేం. కానీ అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఒక్కో గదికి నలుగురేసి పిల్లల్ని చూసినప్పుడల్లా ఆ వాక్యం గుర్తొస్తుంది. ఎవరి దేశం వాళ్ళు ఎవరికి తోచినట్టు లెక్కపెట్టుకుంటే ఈ పోలిక కుదిరేది కాదు.

మొదట్లో "మనవాడే కనిపెట్టాడు" అని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెప్తాను, గర్వంగానే. కానీ 1995 పరీక్షలో ఉత్తుత్తి సూది పడ్డ 47 మందిని మర్చిపోలేను. తమకి ఏ సూది పడుతోందో తెలియకుండానే, కడుపునొప్పితో వారం వారం వచ్చి కూర్చున్నారు. వాళ్ళతో పోల్చి చూడబట్టే మందు పనిచేస్తుందని రుజువైంది. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. భీమవరం పేరు చెప్పుకునేటప్పుడు వాళ్ళనీ కలుపుకోవాలి.

రేపు సోమవారం. మాత్ర వేసుకుని లైబ్రరీకి వెళ్ళాలి. ఈమధ్య దారిలో బాత్రూంలు లెక్కపెట్టడం మానేశాను.