గుర్రం మొండిదా, నొప్పా?

మార్కాపురం దగ్గర ఒక పెళ్లి గుర్రాన్ని చూశాను. చేతిలో బెల్లం పెడితే నెమ్మదిగా తింటది. పిల్లలు మెడ నిమిరినా ఊరుకుంటది. జీను కనపడిందా, వెనక్కే! "మొండిది బాబూ, వచ్చే వారం అమ్మేస్తా" అన్నాడు పెద్దాయన.

గుర్రానికి డబ్బు పోయడం మనకు కొత్త కాదు. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు ఓర్ముజ్ నుంచి ఓడల మీద గుర్రాలు తెప్పించేవాడు. సముద్రంలో చచ్చినవాటికి తోక చూపించినా డబ్బు ఇచ్చేవాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. తోకకి కూడా డబ్బులు, ఊహించుకోండి! మరి బతికొచ్చినవాటి సంగతి? అంతకు రెండు వందల ఏళ్ల ముందే మార్కోపోలో తమిళ తీరం గురించి చెప్పాడు: నాడాలు కొట్టేవాళ్లు లేరు, సాకడం తెలీదు, అందుకే ఏటా గుర్రాలు చచ్చిపోతున్నాయని.

గ్రీకు సైనికుడు జెనోఫోన్ అయితే దాదాపు 2,350 ఏళ్ల కిందటే రాశాడు, కోపంతో గుర్రం జోలికి పోవద్దని. భయపడ్డప్పుడు కొడితే, ఆ నొప్పి కూడా ఆ వస్తువు వల్లే అనుకుంటదట.

"పెద్దాయనా, ఒకసారి వీపు చూద్దాం" అన్నాను. మూపు మీద చెయ్యి పెట్టగానే గుర్రం వణికింది. వెంట్రుకల కింద పుండు! జీను ఒరుసుకుని పడింది. డాక్టర్‌ని పిలిపించాం. పుండు మానేదాకా జీను వెయ్యొద్దన్నాడు.

నెల తర్వాత ఫోన్ చేశాను. పుండు మానిందట. జీను చూస్తే ఇంకా రెండడుగులు వెనక్కేస్తోందట. పెద్దాయన మాత్రం అమ్మలేదు. రోజూ జీను పక్కన పెట్టి బెల్లం తినిపిస్తున్నాడు.