స్టేసీ పార్క్ మిల్బర్న్ పావు డాలరు

అమెరికా టంకశాల 2025 ఆగస్టులో విడుదల చేసిన 25 సెంట్ల నాణెం. వికలాంగుల ఉద్యమ నాయకురాలు స్టేసీ పార్క్ మిల్బర్న్ (1987–2020) స్మృతిగా దీన్ని ముద్రించారు. అమెరికా నాణెం మీదికెక్కిన తొలి కొరియన్ అమెరికన్ ఆమే.

నాణేనికి బొమ్మ వైపు జార్జి వాషింగ్టన్ ఉంటాడు. బొరుసు వైపు మిల్బర్న్ సభలో మాట్లాడుతూ కనిపిస్తుంది. ఒక చెయ్యి పవర్ వీల్‌చైర్ జాయ్‌స్టిక్ మీద ఆని ఉంటుంది, రెండోది అరచెయ్యి పైకి తెరిచి ముందుకు చాచి ఉంటుంది. ఊపిరి కోసం గొంతుకు పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టాన్ని కూడా దాచలేదు. పక్కన ‘డిజబిలిటీ జస్టిస్’ (వైకల్య న్యాయం) అని రెండు మాటలు చెక్కారు. చిత్రం గీసింది ఎలానా హాగ్లర్, అచ్చుకు శిల్పం చేసింది క్రెయిగ్ క్యాంప్‌బెల్.

ఆ రెండు మాటల వెనక ఒక చరిత్ర ఉంది. 1990లో వచ్చిన వికలాంగుల చట్టం అమెరికాలో పెద్ద విజయం. అయితే చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవాలంటే డబ్బు, చదువు, లాయరు కావాలి. నల్లజాతివారు, వలస కుటుంబాలవారు, పేదలు, స్వలింగ సంపర్కులు అయిన వికలాంగులకు అవి అందవు. 2005 ప్రాంతంలో ప్యాటీ బర్న్, మియా మింగస్, లీరాయ్ మూర్ వంటి ఉద్యమకారులు ఈ వెలితిని ఎత్తిచూపుతూ ‘డిజబిలిటీ జస్టిస్’ ఆలోచనకు రూపమిచ్చారు. దాన్ని మాటల్లోంచి చేతల్లోకి తెచ్చినవారిలో మిల్బర్న్ ముందు వరుసలో నిలుస్తుంది.

ఆమె సియోల్‌లో పుట్టింది. తల్లి కొరియన్, తండ్రి అమెరికా సైనికుడు. పెరిగింది నార్త్ కరోలినాలో. పుట్టుకతోనే కండరాల క్షీణత వ్యాధి ఉంది. రాష్ట్రంలోని బడుల్లో ఏటా అక్టోబరులో వికలాంగుల చరిత్ర బోధించాలన్న 2007 నాటి చట్టం కోసం పనిచేసినప్పుడు ఆమెకు ఇరవయ్యేళ్లు. తర్వాత కాలిఫోర్నియాకు మకాం మార్చి, ఓక్లాండ్‌లోని తన ఇంటినే ‘డిజబిలిటీ జస్టిస్ కల్చర్ క్లబ్’కు కేంద్రం చేసింది. 2019లో కార్చిచ్చుల భయంతో అక్కడ కరెంటు ఆపేసినప్పుడు శ్వాసయంత్రాల మీద బతికేవారి ప్రాణాలు ప్రమాదంలో పడ్డాయి. ఆ క్లబ్బు వారికి ఆసరాగా నిలిచింది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఆమె, ఆమె మిత్రులు శానిటైజర్ల వంటివి పొట్లాలు కట్టి, ఇల్లులేనివారి గుడారాలకు పంచారు. అందరికన్నా ముందు సాయం అందాల్సినవాళ్లే అలా సాయానికి దిగారు. మిల్బర్న్‌ను అర్థం చేసుకోవడానికి ఏ పదవికన్నా ఆ పొట్లాలే ముఖ్యం. ఆ ఏడాది మే 19న, సరిగ్గా 33వ పుట్టినరోజునే, కిడ్నీ కేన్సర్‌కు చేసిన శస్త్రచికిత్స వికటించి ఆమె చనిపోయింది.

వైకల్యం ఉన్నవారు నాణేలమీదికి రావడం కొత్త కాదు. పోలియోతో కాళ్లు పడిపోయిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1946 నుంచి 10 సెంట్ల నాణెం మీద ఉన్నాడు. అయితే కనిపించేది తల ఒక్కటే, చక్రాల కుర్చీ లేదు. 2003లో అలబామా రాష్ట్రం పేరిట వచ్చిన పావు డాలరు మీద హెలెన్ కెల్లర్ కూర్చుని పుస్తకం చదువుతుంటుంది. పేరు బ్రెయిలీలోనూ ఉంది. కింద ‘ధైర్య స్ఫూర్తి’ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. 2009లో లూయీ బ్రెయిలీ ద్విశతజయంతికి అమెరికా వెండి డాలరు తీస్తే, మన దేశం 2 రూపాయల నాణెం తెచ్చింది. కెల్లర్ నాణెం ఒక మనిషి గుండె నిబ్బరాన్ని మెచ్చుకుంది. మిల్బర్న్ నాణెం సమాజాన్ని న్యాయం అడుగుతోంది. మన ప్రభుత్వాలు ‘దివ్యాంగులు’, ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటూ మెత్తని పేర్లు వెతుకుతున్న కాలంలో, వైకల్యం అన్న మాటను ఉన్నదున్నట్టు లోహం మీద చెక్కడం ఆ నాణేనికున్న అసలు విలువ అని ఈ వ్యాసకర్త నమ్మకం.

2021 జనవరిలో చట్టమైన పథకం కింద 2022 నుంచి ఏటా ఐదుగురి చొప్పున 20 మంది మహిళలను ఇలా పావు డాలర్ల మీద గౌరవించారు. బతికున్నవారికి అందులో చోటు లేదు. రచయిత్రి మాయా ఏంజెలోతో మొదలై టెన్నిస్ క్రీడాకారిణి ఆల్థియా గిబ్సన్‌తో ముగిసిన ఆ వరుసలో మిల్బర్న్‌ది 19వ నాణెం. బ్రెయిలీ వెండి డాలరు సేకరణకర్తల కోసం ఎక్కువ ధరకు అమ్మినది. మిల్బర్న్ పావు డాలరు మాత్రం ఫిలడెల్ఫియా, డెన్వర్ టంకశాలల నుంచి చిల్లర డబ్బుగానే బయటికి వచ్చింది.